హాల్లో అరలు సర్దుకోవడం ఎలా: పది నిమిషాల కొలత

హైదరాబాద్‌లో ఇల్లు అలంకరించాలనుకునేవారు ముందు దుమ్ముతో ఒక ఒప్పందానికి రావాలి. పక్క స్థలంలో ఎప్పుడూ ఏదో ఒక అపార్ట్‌మెంట్ లేస్తూనే ఉంటుంది, ఎదురు వీధిలో పైపుల కోసం రోడ్డు తవ్వుతూనే ఉంటారు. ఉదయం తుడిచిన టీవీ బల్ల మీద సాయంత్రానికి వేలితో పేరు రాయవచ్చు. అందుకని షెల్ఫు సర్దడంలో నేను పాటించే కొలత ఒక్కటే. అరలన్నీ తుడిచి, వస్తువులను మళ్లీ ఎక్కడివక్కడ పెట్టడానికి పది నిమిషాలకు మించి పట్టకూడదు. పదిహేను పట్టిందా, వస్తువులు ఎక్కువయ్యాయని అర్థం. అరగంట పట్టిందా, ఇక ఆ అరల జోలికి ఎవరూ వెళ్లరు. నెల తిరిగేసరికి ఇత్తడి ఏనుగూ మట్టి గుర్రమూ ఒకే రంగులోకి వచ్చేస్తాయి.

మీ ఇంట్లో ఉన్నవి టీవీ చుట్టూ కట్టించిన ప్లైవుడ్ అరలు కావచ్చు, దుకాణంలో కొని తెచ్చిన పుస్తకాల స్టాండు కావచ్చు, గోడకు బిగించిన ఒంటి పలక కావచ్చు. పాత ఇళ్లలో గోడలోనే పొదిగిన తాండూరు బండ అరలుంటాయి, పాతబస్తీలో తాఖ్ అని పిలిచే కమాను గూళ్లుంటాయి. దేనికైనా పద్ధతి ఇదే, ఒక సెలవు రోజు సరిపోతుంది. కొత్తగా ఏమీ కొనకుండా మొదలుపెట్టండి. కొనాల్సినది ఉంటే అది చివర్లో దానంతట అదే తేలుతుంది.

1. అన్నీ కిందకు దించండి

నేల మీద పాత దుప్పటి పరచి, అరల్లో ఉన్న ప్రతి వస్తువునూ దాని మీదకు చేర్చండి. సగం దించి సగం ఉంచితే లాభం లేదు. ఏళ్ల తరబడి ఒకేచోట ఉన్న వస్తువును కన్ను చూడడం మానేస్తుంది. కిందకు దించితేనే అది ఎందుకుందో అనే ప్రశ్న పుడుతుంది.

మా ఇంట్లో మొదటిసారి దించినప్పుడు దుప్పటి మీద తేలినవి ఇవి: గృహప్రవేశానికి వచ్చిన గడియారాలు మూడు, వాటిలో నడిచేది ఒక్కటీ లేదు. పిల్లల స్కూలు షీల్డులు ఏడు. పెళ్లిళ్లలో ఇచ్చిన వెండిపూత కుంకుమ భరిణెలు లెక్కలేనన్ని. ఏ టీవీదో తెలియని రిమోట్. ఖాళీ సెల్‌ఫోన్ డబ్బాలు. నుమాయిష్‌కు వెళ్లిన ప్రతిసారీ ఒకటి చొప్పున కొన్న గాజు హంసలు. 1938లో మొదలైన నుమాయిష్ మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో సాగుతుంది. ఈ ఊరి షోకేసులు నిండేదంతా ఆ నెలన్నరలోనే అని నా అనుమానం.

ఇప్పుడు దుప్పటి మీదే నాలుగు కుప్పలు చేయండి. చూడగానే ఒక మనిషో ఊరో గుర్తొచ్చేవి, లేదా నిజంగా అందంగా ఉన్నవి ఒక కుప్ప. మందులు, బిల్లులు, ఛార్జర్ల వంటి వేరే చోట ఉండాల్సినవి రెండో కుప్ప. దేవుడి బొమ్మలు మూడోది, వాటిని పూజగదికి చేర్చండి. రిమోట్ పక్కన దుమ్ము కొట్టుకుని కూర్చోవలసిన అవసరం వినాయకుడికి లేదు. మిగిలినవి ఎవరికైనా ఇచ్చేయవలసినవి. షీల్డుల విషయం మాత్రం మీరు తేల్చకండి. తలా ఒకటి ఎంచుకోమని పిల్లలకే చెప్పండి. మా అబ్బాయి మొదటి బహుమతిని వదిలేసి, పరుగు పందెంలో పడి లేచి మూడోస్థానంలో వచ్చిన షీల్డును ఉంచుకున్నాడు.

బోసిపోయిన అరలను చూసి మా అత్తగారు ఊరుకోలేదు.

"ఏమమ్మా, ఇల్లు ఖాళీ చేస్తున్నామనుకుంటారు చూసినవాళ్లు. కనీసం ఆ సోఫా పక్క మూలలోనైనా ఏదో ఒకటి పెట్టు," అన్నారు.

"పెడతాను అత్తయ్యా, ఒక వారం ఖాళీగా చూద్దాం," అన్నాను.

ఆ మూల సంగతి తర్వాత చెబుతాను.

2. పలక బలం, గోడ రకం చూసుకోండి

ఖాళీగా ఉన్నప్పుడే ఈ పరీక్ష సులువు. రసమట్టం ఉంటే పెట్టి చూడండి, లేదంటే పిల్లల గోలీ ఒకటి అర మీద వదలండి. అది మధ్యకు దొర్లి ఆగిపోతే పలక వంగిందన్నమాట. పుస్తకాల బరువును మనం తక్కువగా అంచనా వేస్తాం. మామూలు పుస్తకాలు వరుసగా పేర్చితే అడుగుకు సుమారు 8 నుంచి 10 కిలోలు తూగుతాయి. మూడడుగుల అర నిండా పుస్తకాలంటే ఒక బియ్యం బస్తా మోస్తున్నట్టే. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కూడా రెండున్నర అడుగులు దాటితే, మధ్యలో ఊతం లేకుండా ఆ బరువును ఏళ్ల తరబడి ఆపలేదు. కాస్త వంగిన పలకను తీసి తిరగేసి పెట్టండి, కొంతకాలానికి చదును అవుతుంది. ఇక మీదట బరువైనవి రెండు కొసల దగ్గర, తేలికైనవి మధ్యలో ఉంచండి.

గోడకు కొత్త పలక బిగించాలనుకుంటే డ్రిల్ నుంచి రాలే పొడిని గమనించండి. గోడ లోపల ఏముందో అదే చెబుతుంది. ముందు కొద్దిగా రాలేది పైపూత సిమెంటు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఆ తర్వాత ఎర్రపొడి వస్తే మట్టి ఇటుక, మామూలు ప్లగ్గు, మర మేకు చాలు. బూడిదరంగు పొడి వస్తూ డ్రిల్ మొరాయిస్తే కాంక్రీటు. కొత్త టవర్లు చాలావాటిలో గోడలన్నీ అవే, వాటికి దెబ్బ కొడుతూ తిరిగే హ్యామర్ డ్రిల్ కావాలి. తెల్లటి మెత్తటి పొడి వెన్నలో చెంచా దిగినట్టు వచ్చేస్తుంటే అది తేలిక ఇటుక. అందులో మామూలు ప్లగ్గు కొద్దిరోజులకే వదులైపోతుంది. దానికోసమే చేసిన పొడవాటి ప్లగ్గులుంటాయి, హార్డ్‌వేర్ దుకాణంలో గోడ రకం చెప్పి అడగండి. ఏ గోడైనా మేకు పైపూతను దాటి లోపలికి కనీసం ఒకటిన్నర అంగుళం దిగాలి. స్విచ్‌బోర్డుకు సరిగ్గా పైనా కిందా బెజ్జం వేయవద్దు, వైర్ల గొట్టాలు ఆ దారిలోనే వెళ్తాయి.

అద్దె ఇల్లయి, యజమాని మేకు కొట్టనివ్వకపోతే నేల మీద నిలబడే స్టాండే మేలు. పసిపిల్లలున్న ఇంట్లో మాత్రం దాన్ని గోడకు ఒక్క క్లాంపుతోనైనా బిగించడానికి ఆయన్ను ఒప్పించండి. పిల్లలకు అరలంటే మెట్లే.

3. వెనక ఒక బట్ట

ఇది మీకు నచ్చితేనే. అర వెనక గోడ వెలిసిపోయి ఉంటే రంగు వేయనక్కర్లేదు. అర కొలతకు దళసరి అట్ట కత్తిరించి, దానికి పాత చీర ముక్క చుట్టి, వెనకవైపు టేపు అంటించి నిలబెట్టండి. అంచు చిరిగి కట్టుకోవడం మానేసిన పోచంపల్లి ఇక్కత్ దీనికి బాగుంటుంది, నారాయణపేట చీర గళ్లూ బాగుంటాయి. ఇల్లు మారినప్పుడు తీసుకెళ్లిపోవచ్చు. ఒకటే జాగ్రత్త: వెనక ఇక్కత్ ఉంటే ముందు పెట్టేవి నిరాడంబరంగా ఉండాలి. ఇక్కత్ ముందు నిర్మల్ బొమ్మ పెడితే రెండూ పోట్లాడుకుంటాయి. మొత్తం అరల్లో ఒకటో రెండో చోట్ల చాలు.

4. పేర్చడం

అసలు పని ఇదే, తొందరపడకండి.

బొమ్మల కొలువు పెట్టిన ఇంట్లో పెరిగినవారికి సగం విద్య వచ్చినట్టే. పొడవైనవి వెనక, పొట్టివి ముందు, మెట్లు బేసి సంఖ్యలో, ఒక్కో మెట్టు మీద ఒక్కో కథ. కానీ సంక్రాంతికో దసరాకో కొద్దిరోజులు ఉండి వెళ్లిపోయే కొలువు నిండుగా ఉంటేనే అందం. హాల్లో అర ఏడాది పొడవునా ఉండేది, రోజూ కంటపడేది. కొలువులో నేర్చుకున్న ఎత్తుపల్లాలను తీసుకోండి, నిండుదనాన్ని వదిలేయండి.

ఖాళీ ఎంత పని చేస్తుందో చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లండి. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్ నుంచి తెచ్చిన మేలిముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహం చుట్టూ జాగా వదిలారు, అందుకే జనం దాని చుట్టూ తిరిగి చూస్తారు. ముందు నుంచి పురుషుడు, వెనక నుంచి స్త్రీ కనిపించే జంట కొయ్యబొమ్మ అక్కడే ఉంది. దాని వెనక నిలువుటద్దం పెట్టారు కాబట్టే ముందు నిలబడినవారికి రెండు రూపాలూ దక్కుతున్నాయి. ఈ రెండో ఉపాయం ఇంట్లో బాగా పనికొస్తుంది. జడ, వీపు అందంగా చెక్కిన బొమ్మ ఏదైనా ఉంటే దాని వెనక చిన్న అద్దం ఆనించండి. చీకటి అర కూడా వెలుగు పుంజుకుంటుంది.

ఇప్పుడు ఒక్క అరను దగ్గర నుంచి చూద్దాం. మూడడుగుల పొడవు, అడుగు లోతు, పద్నాలుగు అంగుళాల ఎత్తు అనుకోండి. మా అమ్మమ్మ నీళ్లు మోసిన ఇత్తడి బిందె అందులో పట్టదు, కాబట్టి దాని చెల్లెలు లాంటి చెంబు తీసుకున్నాను. మొదట దాన్ని ఎడమ కొస నుంచి ఒక జానెడు లోపలికి పెట్టాను. సరిగ్గా మధ్యలో పెడితే గుడిలో మూలవిరాట్టులా ఉంటుంది, ఇక పక్కన ఏది పెట్టినా ద్వారపాలకులే. చెంబుకు ఎడమవైపు నాలుగు పుస్తకాలు నిలువుగా. కుడివైపు రెండు పుస్తకాలు పడుకోబెట్టి, వాటి మీద అరచేతిలో పట్టే బొమ్మ ఒకటి. దాంతో చెంబు, నిలువు పుస్తకాలు, బొమ్మ మూడు ఎత్తుల్లో ఉండి కన్ను మెట్లు దిగినట్టు దిగుతుంది. కుడి చివర అడుగు మేర ఏమీ పెట్టలేదు. మూడింట ఒక వంతు ఖాళీ అన్నది నేను ఏ అరలోనూ తప్పని లెక్క.

చిన్న చిన్న వస్తువులున్నాయి కదా, వాటితోనే పది నిమిషాలు ఇరవై అవుతాయి. లక్కపిడతలు, గవ్వలు, సముద్రం దగ్గర ఏరిన రాళ్లు విడివిడిగా పరచకండి. అన్నింటినీ ఒక ఇత్తడి పళ్లెంలో కూర్చండి. తుడిచేటప్పుడు పళ్లెం ఎత్తి, గుడ్డ ఒకసారి లాగి, పళ్లెం దించడమే. పన్నెండు వస్తువులు ఒక్క వస్తువైపోతాయి, చూడడానికీ అంతే.

ఒక అర కుదిరాక మిగతావాటికి వెళ్లండి. ఇత్తడి మెరుపు ఒకచోటే కుప్ప పడకుండా, పై అరలో ఎడమన, మధ్య అరలో కుడిన, కింద మళ్లీ ఎడమన వచ్చేలా చూసుకోండి. బరువైనవీ పెద్దవీ అట్టడుగున. మనం హాల్లో ఎక్కువసేపు కూర్చునే ఉంటాం కాబట్టి, సోఫాలో కూర్చుని చూస్తే కంటికి ఎదురుగా వచ్చే అరలో మీకు అన్నింటికన్నా ఇష్టమైనది ఉంచండి. నిలబడి సర్దినవారంతా చేసే పొరపాటు ఇక్కడే.

5. పుస్తకాలు

రంగుల వారీగా పేర్చే పద్ధతి ఒకటి వచ్చింది, నాకు పడదు. నీలం అట్ట ఉన్నంత మాత్రాన వంటల పుస్తకమూ వ్యాకరణమూ చుట్టాలైపోవు. తెలుగు పుస్తకాలకు ఒక చిక్కు ఉంది. కథల సంపుటాలూ కవిత్వమూ చాలావరకు సన్నగా ఉంటాయి, వీపు మీద పేరు చదవడమే కష్టం. వాటిని పడుకోబెట్టి అయిదారు దొంతరగా పెట్టండి, దొంతర మీద అట్ట బాగున్నది ఉంచండి. లావు పుస్తకాలను నిలబెట్టండి. అర లోతు ఎక్కువగా ఉంటే పుస్తకాలను వెనక్కి నెట్టకండి. వీపులన్నీ పలక అంచుకు అంగుళం లోపల ఒకే గీతలో ఉండాలి, వెనక కాస్త గాలి ఆడాలి. ముసురు పట్టిన రోజుల్లో చెమ్మగోడకు తగిలిన పుస్తకమే ముందు బూజు పడుతుంది.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాన్ని ఆ సాయంత్రమే అరలో చేర్చకండి. పేజీలు విదిలించి, కుట్టు దగ్గర పురుగు ఉందేమో చూసి, నాలుగు రోజులు విడిగా ఉంచండి. ఒక్క అతిథి తెచ్చిన పురుగులు అర మొత్తాన్ని చదివేస్తాయి. పుస్తకాల వెనక ఎండు వేపాకు మూట పెట్టడం మా ఇంటి అలవాటు. కలరా ఉండలు పెట్టాలనుకుంటే పిల్లల చేతికి అందకుండా చూసుకోండి.

6. చేతిపని వస్తువులు: ఏది దేనితో తుడవాలి

ఇక్కడే నా చేతులు కాలాయి. ఇత్తడి చెంబులు తోమిన ఉత్సాహంలో పక్కనే ఉన్న బిద్రీ కూజాకూ చింతపండు పట్టించాను. నిగనిగలాడే నలుపు మీద మబ్బు పట్టినట్టు బూడిదరంగు మరక తేలింది. బిద్రీ వస్తువులో ఎక్కువ భాగం తుత్తునాగం, కొద్దిగా రాగి. అందులో వెండి పొదిగాక, బీదర్ కోట మట్టిని నవసాగరంతో కలిపి పట్టిస్తే ఆ మిశ్రమం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మిగులుతుంది. ఆ నలుపు పైపొరే, పులుపు తగిలితే పోతుంది. దానికి మెత్తటి పొడిగుడ్డ, ఎప్పుడైనా గుడ్డ కొసకు రెండు చుక్కల కొబ్బరినూనె. అంతకు మించి ఏమీ వద్దు.

పెంబర్తి ఇత్తడికి చింతపండు తోముడు నప్పుతుంది, కానీ తోమాక తడి పూర్తిగా తుడవాలి. నిర్మల్ బొమ్మలు తేలికైన పొనికి కర్రవి, చేర్యాల ముఖాలను చెక్కపొట్టు, చింతగింజల జిగురుతో చేస్తారు. వీటికి తడిగుడ్డ తగలకూడదు. పిల్లలు బొమ్మలు వేసే కుంచె వెడల్పాటిది ఒకటి ఈ పనికే పెట్టుకోండి. కళ్ల మూలల్లో, తలపాగా మడతల్లో ఇరుక్కున్న దుమ్ము కుంచెకు తప్ప దేనికీ రాదు. ఈ రంగుల బొమ్మలను పడమటి కిటికీ ఎదుటి అరలో పెట్టవద్దు. మన ఏప్రిల్, మే సాయంత్రపు ఎండకు రంగులు వెలిసిపోతాయి.

అన్నీ సర్దాక కూడా ఒక లోటు కనిపిస్తే అప్పుడు కొనండి, అదీ ఒక్కటే. మాదాపూర్ శిల్పారామంలో, ప్రభుత్వ గోల్కొండ హస్తకళల దుకాణాల్లో ఇవన్నీ ఒకేచోట చూడవచ్చు. ఖాళీ జాగా కొలత చీటీ మీద రాసుకుని వెళ్లండి. చీటీ లేకుండా వెళితే ఏనుగు వస్తుంది.

7. దీపం

అర లోపల వెలుగు కావాలంటే వార్మ్ వైట్ అని అడగండి. డబ్బా మీద 2700 లేదా 3000 కెల్విన్ అని ఉంటుంది. 6500 ఉన్నది మందుల దుకాణం వెలుతురు, ఇత్తడిని పాలిపోయేలా చేస్తుంది. కోఠి దగ్గరి ట్రూప్ బజార్‌లో ఎల్‌ఈడీ పట్టీలు కావలసిన పొడవుకు దొరుకుతాయి. పట్టీని అర పైకప్పుకు వెనకవైపు కాక ముందు అంచు చాటున అంటించండి. అప్పుడే వస్తువు ముఖం మీద వెలుగు పడుతుంది. వెనక అంటిస్తే అన్నీ నీడబొమ్మలవుతాయి. ఎండాకాలం వేడికి దాని జిగురు వదిలేస్తుంది, అల్యూమినియం గాడిలో బిగించడం మేలు.

8. మొక్కలు

ఒకటి చాలు. కిటికీకి దూరంగా ఉన్న అరలో మనీప్లాంటో స్నేక్ ప్లాంటో తట్టుకుంటుంది. మనీప్లాంట్‌ను సీసా నీళ్లలో పెడితే ఆ నీటిని వారానికోసారి తప్పనిసరిగా మార్చండి. డెంగీ దోమ నిలిచిన మంచినీటిలోనే గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో అవి దోమలై ఎగురుతాయి. 2020లో మున్సిపల్ శాఖ ప్రతి ఆదివారం ఉదయం పది గంటలకు పది నిమిషాలు ఇంట్లో నిలిచిన నీళ్లు పారబోయమని ప్రచారం చేసింది. మా ఇంట్లో అరలు తుడిచే ముహూర్తం కూడా అదే అయింది. సీసా కడగడంతో మొదలై కుంచె దులపడంతో ముగుస్తుంది.

9. ఫోటో తీసి చూడండి

సర్దడం అయ్యాక నాలుగు అడుగులు వెనక్కి వెళ్లి ఫోనులో ఫోటో తీసి, దాన్ని నలుపు తెలుపులోకి మార్చండి. రంగులు పోగానే ఎక్కడ కిక్కిరిసిందో తెలిసిపోతుంది. నల్లటి ముద్దగా కనిపించే చోట నుంచి ఒక వస్తువు తీసేయండి. మళ్లీ ఫోటో. సాధారణంగా మూడో ఫోటోకు కుదురుతుంది. ఆ ఫోటో దాచుకోండి, తుడిచేవారికి ఏది ఎక్కడో చూపడానికి పనికొస్తుంది.

తీసినవాటిలో మనసు చంపుకోలేనివి కాగితాల్లో చుట్టి అట్టపెట్టెలో సజ్జ మీదకు ఎక్కించండి. పెట్టె మీద లోపల ఉన్నవి రాయండి. దసరా దులుపుళ్లప్పుడు దించి, అరలో ఉన్నవాటిలో నాలుగింటితో మార్చండి.

ఇక సోఫా పక్క మూల. వారం తిరిగేలోపే అక్కడికి బండి తాళాలు చేరాయి, తర్వాత చిల్లర, ఆ తర్వాత పాల కూపన్లు. చేతికందే ఎత్తులో ఉన్న ఖాళీ ఏ ఇంట్లోనూ ఖాళీగా ఉండదు. వాటిని తరిమే ప్రయత్నం మానేసి ఒక వెడల్పాటి మట్టి మూకుడు పెట్టాను, అన్నీ అందులోనే. మీరూ అలాంటి మూల ఏదో కనిపెట్టి ఒక గిన్నె పెట్టండి. మొన్న చూస్తే మూకుడులో అత్తగారి కళ్లజోడు ఉంది. "చూశావా, ఏదో ఒకటి పెట్టమన్నాను కదా," అన్నారు.